మార్లవాయి బడి నుంచి మన హాస్టల్ దాకా: పిల్లల మనసు సంగతి గ్రామసభలో మాట్లాడాలి

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి.

ఎండాకాలం సెలవులు అయిపోయి పిల్లల్ని హాస్టల్లో దింపినాక మన గూడేల్లో ఒక మాట వినబడుతది: "వాడు బడి నుంచి పారిపోయి వచ్చిండు." ఆరేడేళ్ల పిల్ల అన్నం ఎందుకు తింటలేదు, రాత్రి పక్క ఎందుకు తడుపుతోంది, గలగలా మాట్లాడేటోడు ఎందుకు మూగైపోయిండు అని ఎవరూ అడగరు. "అలవాటైపోతది లే" అంటారు. కొందరికి అలవాటు కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ధర్నా చేస్తాం, నష్టపరిహారం అడుగుతాం, తర్వాత మర్చిపోతాం. అంతదాకా రాకుండా ఆపే దారి మన చరిత్రలో ఉంది, మన చట్టంలో కూడా ఉంది.

ముందు చరిత్ర చూద్దాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలేంటో అధ్యయనం చెయ్యమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌కి చెప్పింది. ఆయన, భార్య ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో గోండుల విద్యా పథకం మొదలైంది. మార్లవాయిలో గోండు యువకులకే ట్రైనింగ్ ఇచ్చి పంతుళ్లను చేసిండ్రు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారు చేసిండ్రు.

సర్కారుకు ఇది మన మీద ప్రేమతో పుట్టింది కాదు, తిరుగుబాటు భయంతో పుట్టింది. మానసిక ఆరోగ్యం అనే మాట అప్పుడు ఎవరూ అనలేదు. కానీ ఆ బడిలో పిల్లాడికి పంతులు మాట అర్థమయ్యేది. పంతులుకు ఆ పిల్లాడు ఏ సగ వాడో, ఇంట్లో పరిస్థితి ఏంటో తెలిసేది. పిల్లాడు దిగులుగా ఉంటే కనిపెట్టే మనిషి ఎదురుగానే ఉండేవాడు. జబ్బు రాకముందే ఆపడం అంటే ఇదే గదా.

తర్వాత హైదరాబాద్ రాష్ట్రం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఏజెన్సీ బడుల్లో తెలుగే చదువు భాష అయింది. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వచ్చినయ్. వాటిని మూసెయ్యమని నేను అనను. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనిషిని నేనే, హాస్టల్ లేకుంటే అది అయ్యేది కాదు. కానీ ఇల్లు, భాష, పండుగ మూడూ ఒకేసారి దూరమైతే చిన్న పిల్లల మనసు ఎట్లా తట్టుకుంటది?

2000లో జీవో 3 వచ్చింది. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల గొడవగానే మాట్లాడుకున్నాం. ఒకటో తరగతి పిల్లకు తన భాషలో "ఏమైందమ్మా" అని అడిగే టీచర్ ఉంటదా లేదా అన్నది కూడా అందులో ఉంది.

ఇప్పుడు చట్టం. విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. టెలి మానస్ లాంటి సహాయ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

దీన్ని అమలు చేయించేది ఎవరు? 1996 నాటి పెసా చట్టం చూడండి. సామాజిక రంగాల సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అజమాయిషీ చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలని అందులో రాసి ఉంది. బడి, హాస్టల్ అందులోకే వస్తయ్. ఇసుక కోసం, భూమి కోసం పెసా గుర్తొస్తది, పిల్లల కోసం ఎందుకు గుర్తు రాదు?

అందుకే ఈ జూన్‌లో ప్రతి ఊర్లో గ్రామసభ పెట్టించి ఇవి మాట్లాడిద్దాం:

1. మన ఊరి పిల్లలు ఏ ఏ హాస్టల్లో ఉన్నరు, ఎవరు తిరిగొచ్చారు, ఎందుకు వచ్చారు. తిట్టకుండా అడిగి రాసుకోవాలి.

2. కొత్తగా చేరిన చిన్న పిల్లల దగ్గర మొదటి రెండు నెలలు వాళ్ల భాష వచ్చిన మనిషి ఒకరు ఉండాలి.

3. దండారి లాంటి మన పండుగలకు పిల్లల్ని ఇంటికి పంపాలి. వారానికి ఒకసారైనా అమ్మానాన్నలతో ఫోన్ మాట్లాడనివ్వాలి.

4. కౌన్సిలర్ ఉన్నారా లేదా, నంబర్ గోడ మీద ఉందా లేదా చూసి రావాలి.

తీర్మానం కాపీ ఐటీడీఏ పీవోకి ఇవ్వాలి. ఆదిలాబాద్ వాళ్లు కేస్లాపూర్ నాగోబా దర్బార్‌లో కూడా పెట్టండి. జోడేఘాట్ తర్వాత మన గోడు సర్కారు ముందు చెప్పుకోడానికి వచ్చిన వేదికే అది.

ఈ గ్రూపులో ఎవరికైనా మనసు బాగోలేకపోతే ఒంటరిగా మోయకండి. 14416 కి ఫోన్ చెయ్యండి. రాత్రి పగలు పని చేస్తది, పైసా ఖర్చు లేదు. మీ ఊరి గ్రామసభలో ఏం తీర్మానం అయిందో కింద రాయండి, మిగతా ఊర్ల వాళ్లకు పనికొస్తది.

జై ఆదివాసీ.