విమానాలు లేని విమాన సంస్థలు

వర్చువల్ ఎయిర్‌లైన్‌కు టైమ్‌టేబుల్ ఉంటుంది, హబ్‌లు ఉంటాయి, కేడెట్ నుంచి కెప్టెన్ దాకా హోదాలు ఉంటాయి. విమానాలు, టికెట్లు, జీతాలు మాత్రం ఉండవు. అందులోని పైలట్లందరూ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్లయిట్ సిమ్యులేటర్ నడిపే అభిరుచి ఉన్నవాళ్లే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక లాంటి, రన్‌వే ముఖం చూడని మండలం నుంచి కూడా ఇందులో చేరవచ్చు. ఈ సరదా వెనుక దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. హైదరాబాద్‌కూ అందులో చోటుంది.

నేల మీద ఎగిరిన పెట్టె

అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గన్లు, పియానోలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్లలో వాడే గాలితిత్తులనే వాడుకుని లింక్ 1929లో ఒక శిక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. కర్ర పెట్టెకు పొట్టి రెక్కలు తగిలించినట్టుండే ఆ యంత్రం కంట్రోల్ కదిపిన వైపుకు ఒరిగేది, లేచేది, తిరిగేది. మొదట్లో దాన్ని ఎక్కువగా వినోద పార్కులే కొన్నాయి. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పనికి దిగి, చెడు వాతావరణంలో వరుసగా పైలట్లను పోగొట్టుకుంది. బయట ఏమీ కనిపించనప్పుడు మీటర్లను చూసి నడపడం నేర్పే సాధనం లేకపోతే కుదరదని అప్పుడు తెలిసొచ్చి, ఆరు లింక్ ట్రైనర్లు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి వేలకొద్దీ యంత్రాలు తయారయ్యాయి.

బేగంపేట వాటా

హైదరాబాద్‌లో విమానయానం నిజాం కాలంలో బేగంపేటలో వేళ్లూనుకుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1946లో డకోటా విమానాలతో సర్వీసులు మొదలుపెట్టింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. 1953 ఆగస్టు 1న ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. ఆ తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను హైదరాబాద్‌లోనే పెట్టింది. పైలట్లు అక్కడి సిమ్యులేటర్ల మీదే సాధన చేసేవారు. అయితే సిమ్యులేటర్ అంటే అప్పటికి సంస్థల ఆస్తి. మామూలు మనిషికి అందేది కాదు.

ఇంటికొచ్చిన కాక్‌పిట్

ఆ దూరాన్ని తగ్గించినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో కంప్యూటర్ తెర మీద విమానయానాన్ని చూపించే పద్ధతి మీద ఆయన పరిశోధన చేశాడు. 1970ల చివర్లో ఆపిల్-2 కంప్యూటర్‌కు ఫ్లయిట్ సిమ్యులేటర్ తెచ్చాడు. 1982లో దాని ఐబీఎం పీసీ రూపాన్ని మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. అందులో ఆట మొదలయ్యేది షికాగోలోని మీగ్స్ ఫీల్డ్ రన్‌వే మీద. 2003లో నగర పాలకులు ఆ రన్‌వేను రాత్రికి రాత్రి తవ్వేయించారు. అయినా పాత వెర్షన్లలో అది చెక్కుచెదరలేదు.

హైదరాబాద్ విషయంలోనూ ఇదే జరిగింది. మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006లో వచ్చింది; శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. బేగంపేట నుంచి ప్రయాణికుల సర్వీసులన్నీ వెళ్లిపోయాక కూడా ఆ సిమ్యులేటర్‌లో హైదరాబాద్ అంటే బేగంపేటే. శంషాబాద్ కావాలంటే ఎవరైనా విడిగా తయారుచేసిన సీనరీ ఫైళ్లు వేసుకోవాల్సిందే. 2020 వెర్షన్ ఉపగ్రహ చిత్రాలతో భూగోళమంతటినీ తెర మీదికి తెచ్చింది.

ఒంటరి ఆట సంస్థగా మారిన వైనం

1990ల మధ్యలో ఇంటర్నెట్ ఇళ్లలోకి వచ్చాక సిమ్యులేటర్ పైలట్లు ఒకరికొకరు దొరికారు. కొందరు టైమ్‌టేబుళ్లు తయారుచేసి, మార్గాలు పంచుకుని, ఎగిరిన గంటలను లెక్కగట్టారు. వర్చువల్ ఎయిర్‌లైన్లు అలా పుట్టాయి. పైలట్లుంటే కంట్రోలర్లూ కావాలి కదా. 1997లో వచ్చిన సాట్కో, 1998లో ఐవావో, 2001లో వాట్సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్కులు ఆ లోటు తీర్చాయి. వీటిలో కంట్రోలర్లూ అభిరుచితో పనిచేసేవాళ్లే. శంషాబాద్ టవర్‌లో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉంటే, పుష్‌బ్యాక్ దగ్గర్నుంచి టేకాఫ్ దాకా అన్నిటికీ వారి అనుమతి తీసుకోవాల్సిందే.

మూతపడిన సంస్థల పేర్లను బతికించుకునే వర్చువల్ ఎయిర్‌లైన్లూ ఉన్నాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా, అంటే డీసీ-3, 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నలభయ్యేళ్ల సంచికలో చేరింది. హైదరాబాద్ కేంద్రంగా 2015 నుంచి 2022 దాకా నడిచిన ట్రూజెట్ వాడిన ఏటీఆర్ 72 రకం విమానం 2023లో అదే సిమ్యులేటర్‌లోకి వచ్చింది. బేగంపేట నుంచి మద్రాసుకు డకోటాలో, శంషాబాద్ నుంచి కడపకు ఏటీఆర్‌లో వెళ్లడం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేసే పని.

చేరిక, క్రమశిక్షణ

చేరడానికి సాధారణంగా రుసుము ఉండదు. వాట్సిమ్‌లో చేరాలంటే పదమూడేళ్లు నిండాలి, ప్రాథమిక పరీక్ష ఒకటి పాస్ కావాలి. ఎయిర్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, హబ్ ఎంచుకుంటే పైలట్ నంబరు, కాల్‌సైన్ ఇస్తారు. చాలా సంస్థల్లో కొత్తవారికి మొదట చిన్న విమానాలే దక్కుతాయి. గంటలు పెరిగేకొద్దీ హోదా, దాంతోపాటు పెద్ద విమానం. ఇన్ని రోజుల్లో ఒక్క ట్రిప్పయినా వేయకపోతే పేరు తీసేసే నిబంధన కూడా మామూలే.

ప్రతి ట్రిప్పుకూ పైరెప్ అనే నివేదిక పంపాలి. వెంట నడిచే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ బయల్దేరిన సమయం, ఖర్చయిన ఇంధనం, వేగం, నేలకు తాకినప్పుడు విమానం నిమిషానికి ఎన్ని అడుగుల చొప్పున దిగుతోందన్నదీ రాసిపెడుతుంది. దబ్బున దించితే నివేదికను తిప్పికొట్టే సంస్థలున్నాయి. ఆటను ఎయిర్‌లైన్‌గా నిలబెట్టేది తెర మీది బొమ్మల అందం కాదు, ఈ లెక్కాపత్రమే.

గోదావరి దారిలో పినపాక

పినపాకకు విమానాశ్రయ కోడ్ లేదు కాబట్టి అక్కడ దిగితే పైరెప్ చెల్లదు. రాజమండ్రిలో లేచి, పినపాక మీదుగా శంషాబాద్‌లో దిగే మార్గం వేసుకోవచ్చు. సెస్నా 172లో వాయవ్యంగా, నియమం ప్రకారం సరి వేలకు అయిదు వందలు కలిపిన ఎత్తులో, 6,500 అడుగుల్లో వెళ్లాలి. నదే దారి. పోలవరం, పాపికొండలు దాటాక కూనవరం దగ్గర కుడివైపు నుంచి శబరి వచ్చి కలుస్తుంది. భద్రాచలం వంతెన, దుమ్ముగూడెం ఆనకట్ట దాటితే ఎడమవైపు మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనులు, ఆ వెంటనే అడవుల మధ్య పినపాక. రాజమండ్రి నుంచి ఇక్కడికి దాదాపు గంట. 2022లో పూర్తయిన భద్రాద్రి థర్మల్ కేంద్రం తెర మీద కనిపిస్తుందా లేదా అన్నది ఉపగ్రహ చిత్రం ఏనాటిదన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత సిమ్యులేటర్‌లో శంషాబాద్‌కు పట్టిన గతే దీనికీ పట్టవచ్చు.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నేల చిత్రాలను ఎప్పటికప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి మంచి బ్రాడ్‌బ్యాండ్ కావాలి. నెట్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఎక్స్-ప్లేన్, ఉచితంగా దొరికే ఫ్లయిట్‌గేర్ నయం. సీనరీని ముందే దింపుకుని వాటిని నడపవచ్చు. అయితే ఇంటి సిమ్యులేటర్ మీద ఎన్ని వేల గంటలు ఎగిరినా పైలట్ లైసెన్సుకు ఒక్క గంటా జమకాదు. అందుకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన సిమ్యులేటర్లే చెల్లుతాయి. చెక్‌లిస్టు చదవడం, రేడియోలో పద్ధతిగా మాట్లాడటం, మార్గం లెక్కగట్టడం మాత్రం లైసెన్సుకు వెళ్లేవారికి ముందే చేతికి అలవాటవుతాయి.