జీను కింది వేడిమి: గుర్రం ఆరోగ్యాన్ని తెలిపే ఉష్ణచిత్రం

జీను కింద పుండు ఒక్క రోజులో పడేది కాదు. మొదట ఆ చోట ఒత్తిడి పెరుగుతుంది. పిదప రక్తప్రసారం మారి చర్మం వేడెక్కుతుంది. తరువాత వాపు, నొప్పి కలుగుతాయి. చిట్టచివరకు చర్మం చిట్లి పుండు బయటపడుతుంది. యజమాని కంటికి కనిపించేది ఈ చివరి దశ మాత్రమే. అంతవరకు ఆ మూగజీవి నొప్పిని ఓర్చుకొంటూనే బరువు మోస్తుంది. తొలి దశలోని ఆ వేడిమిని గుర్తించుటకు తోడ్పడే సాధనమే థర్మల్ కెమెరా. దానితో తీసిన చిత్రమును ఉష్ణచిత్రం అంటారు.

పనిచేయు విధానం

1800వ సంవత్సరంలో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం ద్వారా రంగులుగా విడదీశాడు. ఎరుపు రంగుకు ఆవల, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట ఉష్ణమాపకం ఉంచగా అక్కడ కూడా వేడి పెరిగింది. ఆ అదృశ్య కిరణాలే పరారుణ కిరణాలు. ప్రతి శరీరమూ తన వేడిమికి తగినట్లు వీటిని వెలువరిస్తుంది. థర్మల్ కెమెరా వాటిని గ్రహించి సాధారణంగా వేడి చోట్లను తెలుపు లేదా ఎరుపు రంగులోను, చల్లని చోట్లను నీలి రంగులోను చూపుతుంది. పరీక్ష కోసం గుర్రం మీదికి ఏ కిరణమూ పంపనక్కరలేదు, దానిని తాకవలసిన అవసరమూ లేదు. ఎక్స్‌రే ఎముక ఆకారాన్ని చూపితే, ఉష్ణచిత్రం చర్మం మీది వేడిని, దాని ద్వారా అక్కడి రక్తప్రసారాన్ని సూచిస్తుంది. గుర్రాలలో వాపులను ఈ పద్ధతితో గుర్తించుటపై అమెరికాలో పురోహిత్, మెక్కాయ్ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో తొలినాటి ముఖ్య రచనలలో ఒకటి.

పోల్చి చూడటమే ప్రధానం

ఆరోగ్యంగా ఉన్న గుర్రం శరీరంలోని ఉష్ణోగ్రత సుమారు 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. చర్మపు వేడి మాత్రం చోటును బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. కనుక ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పరాదు. కుడి కాలిని ఎడమ కాలితోను, వీపు కుడి పక్కను ఎడమ పక్కతోను పోల్చి చూడాలి. ఒకే భాగంలో రెండు పక్కలకూ 1 డిగ్రీ లేదా అంతకు మించి తేడా ఉంటే దానిని పశువైద్యులు పరిశీలించదగిన సూచనగా తీసుకొంటారు. కాలి స్నాయువు దెబ్బతిన్నప్పుడు, కుంటుతనం కంటికి కనిపించక మునుపే ఇటువంటి తేడా బయటపడే అవకాశం కలదు.

జీను అమరికను తెలుసుకొనుట

స్వారీ ముగిసిన వెంటనే జీను తీసి, దాని అడుగు భాగాన్ని, గుర్రం వీపును విడివిడిగా చిత్రిస్తారు. జీను రెండు పలకలూ సమానంగా వేడెక్కి ఉంటే అమరిక బాగున్నదని భావించవచ్చు. ముందు, వెనుక వేడెక్కి నడుమ చల్లగా ఉంటే జీను వంతెన వలె రెండు కొసల మీదనే ఆనుతున్నదని అర్థం. ఒక పక్కనే వేడి ఎక్కువగా ఉంటే జీను చట్రం వంకరపోయి ఉండవచ్చు, లేదా స్వారీ చేసేవారు ఒక పక్కకు ఒరుగుతూ ఉండవచ్చు. వీపు మీద చల్లని మచ్చ కనిపించినంత మాత్రాన అంతా క్షేమమని తలచరాదు. మితిమీరిన ఒత్తిడి వలన రక్తం అందని చోటు కూడా చల్లగానే కనబడుతుంది. అటువంటి చోట కొంతసేపటి తరువాత మరల చిత్రం తీసి చూడాలి.

జాగ్రత్తలు, పరిమితులు

పరీక్ష గుర్రాన్ని ఎండలో గాని, గాలి విసురుగా వీచే చోట గాని నిలుపరాదు. వెంట్రుకలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. అప్పుడే నీళ్లతో కడిగిన గుర్రానికి, లేపనం పూసిన కాలికి, కట్టు విప్పిన వెంటనే కాలికి తీసిన చిత్రం తప్పుదారి పట్టిస్తుంది. వెంట్రుకలు కత్తిరించిన చోటు కూడా వేడిగా కనబడుతుంది. కాళ్ల పరీక్షకైతే గుర్రాన్ని ముందుగా కొంతసేపు నీడన విశ్రాంతిగా ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఒకటి కలదు. ఉష్ణచిత్రం వేడి ఎక్కడ ఉన్నదో చెబుతుంది గాని, ఎందుకు కలిగిందో చెప్పదు. కారణం తేల్చవలసినది పశువైద్యుడే.

ఈ విద్య మోసాన్ని పట్టుటకు కూడా ఉపయోగపడింది. అమెరికాలో టెన్నెస్సీ వాకింగ్ జాతి గుర్రాలు ప్రదర్శనలో కాళ్లు పైకెత్తి నడవాలని కొందరు కాళ్లకు మంట పుట్టించే రసాయనాలు పూసేవారు. దీనిని అరికట్టుటకు 1970లో అక్కడ అశ్వ సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద జరిగిన తనిఖీలలో ఉష్ణచిత్రాలను కూడా వినియోగించారు.

కెమెరా లేనివారు చేయదగినది

నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలోనైనా, తమిళనాడులోని అంతియూర్ గుర్రాల సంతలోనైనా గుర్రం కొనదలచినవారు పళ్లు చూసి వయసు అంచనా కడతారు, నడిపించి కాళ్లు చూస్తారు. వీపును కూడా అంత శ్రద్ధగా చూడటం అవసరం. మూపు దగ్గర, జీను ఆనే చోట తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అవి పాత ఒత్తిడి గాయాల గుర్తులు కావచ్చు. పని నుండి వచ్చిన గుర్రానికి జీను తీయగానే చెమట తీరును గమనించాలి. చుట్టూ తడిగా ఉండి నడుమ ఒక చోట పొడిగా ఉంటే అక్కడ జీను అమరికను సరిచూడాలి. తరువాత మన అరచేతి వెనుక భాగాన్ని వీపుకు రెండు పక్కలా, కాళ్లకు జంట జంటగా ఆనించి వేడిని పోల్చాలి. తంగు బిగించేటప్పుడు గుర్రం చెవులు వెనుకకు వాల్చి కరవబోతే దానిని పొగరు అనుకోకుండా నొప్పి ఉన్నదేమోనని వెదకాలి.

పుండుతోనో, జబ్బుతోనో పనికి తగని స్థితిలో ఉన్న జంతువు చేత పని చేయించడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. పుండు పడిన తరువాత వారాల తరబడి పని ఆగుతుంది, మందుల ఖర్చూ పెరుగుతుంది. ప్రతి సాయంత్రం జీను దించిన తరువాత వీపు మీద రెండు నిమిషాలు చేయి ఉంచి చూడటానికి ఖర్చేమీ లేదు.