గుమాస్తా ఇంటి గాయకుడు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను ఏ రాజుల గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను రాస్తున్నది ఫ్రెడ్డీ మెర్క్యురీ అనే ఇంగ్లీషు పాటల గాయకుడి గురించి. మిత్రులు నవ్వవద్దు. ఆయన తండ్రి కూడా మనవంటి ప్రభుత్వోద్యోగే.

బోమీ బుల్సారా గుజరాత్ మూలాలున్న పార్సీ. ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దీవిలో, బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియరు. 1946 సెప్టెంబరు 5న పుట్టిన కొడుకు ఫరోఖ్‌ను, ఎనిమిదేళ్ల వయసులోనే సముద్రం దాటించి పూనా దగ్గరి పంచగనిలో సెయింట్ పీటర్స్ బడికి పంపాడు. నెల జీతం మీద బతికే తండ్రికి అదెంత ఆశో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ బడిలోనే కుర్రవాడు పియానో వాయిస్తూ, తోటి పిల్లలతో పాటల బృందం కట్టాడు.

1964 జనవరిలో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చింది. కుటుంబం దీవి వదిలి లండన్ శివారులోని ఫెల్తామ్ చేరింది. కొడుకు ఈలింగ్ కళాశాలలో చిత్రకళ చదివాడు. హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. 1970లో బ్రయాన్ మే, రోజర్ టేలర్‌లతో ‘క్వీన్’ బృందంలో చేరి పేరు మార్చుకున్నాడు. ఆనాడు ఆ తండ్రికి ఎంత దిగులో నేను ఊహించగలను.

1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ విడుదలైంది. దాదాపు ఆరు నిమిషాల పాట. అంత పొడుగుంటే రేడియోలో వేయరని పెద్దలన్నారు. అదే బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1985 జూలై 13న, ఇథియోపియా కరువు బాధితుల కోసం వెంబ్లీలో జరిగిన సభలో ఇరవై నిమిషాలు పాడి, సుమారు 72,000 మంది చేత ఒక్క తాళంగా చప్పట్లు కొట్టించాడు.

1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటించాడు. మరునాడే కన్నుమూశాడు. వయసు 45. అంత్యక్రియలు పార్సీ పురోహితులే జరిపించారు. పేరు మారినా, ఇంటి కొడుకుగానే వెళ్లాడు.

ఇక నా మాట. అప్పట్లో మా రెండవవాడు గిటారు కొనుక్కొస్తే, “పాటలు కూడు పెడతాయా?” అని నేనే దాన్ని అటకెక్కించాను. వాడు పోటీ పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బాధ.

మొన్న గిటారు దింపించి మనవడికిచ్చాను. తీగలు తుప్పు పట్టాయి. ఈ నెల పింఛను రాగానే కొత్తవి వేయించాలి.