మాండలిన్‌కు పాట నేర్పిన గురువు

జుసెప్పే పెట్టీనే 1874లో ఇటలీలోని ఇసెర్నియాలో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరి, ప్రావిడెన్స్ నగరంలో స్థిరపడి, అక్కడ పేరున్న మాండలిన్ విద్వాంసుడయ్యాడు. రాగమూ, దానికి తోడు స్వరాలూ ఒక్క వాద్యం మీదే కలిపి పలికించడంలో దిట్ట. స్వయంగా స్వరరచన చేశాడు, నేర్చుకునేవాళ్లకు పాఠ్యగ్రంథాలు రాశాడు. 1966లో కన్నుమూశాడు. దక్షిణ ఇటలీ నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లలో ఇలాంటివారు ఇంకా ఉన్నారు. వాళ్లతోబాటు వాద్యమూ వెళ్లింది, దాన్ని వాయించే పద్ధతీ వెళ్లింది.

మా గోదావరి జిల్లాలకు మాండలిన్ గురువు లేకుండా వచ్చింది. ఆ లేమి వల్లే మన సంగీతానికి మేలు జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

నాది భీమవరం దగ్గర పల్లె. ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, రిటైరయ్యాక కె.ఆర్.పురంలోనే ఉండిపోయాను. సాయంత్రాలు పిల్లలకు మాండలిన్ చెబుతాను. మా కుర్రతనంలో పెళ్లి బ్యాండుల్లో, సినిమా పాటల పార్టీల్లో మాండలిన్ కనిపించేది. గణగణమంటూ పల్లవి ఎత్తుకోవడం, చరణాల మధ్య ఖాళీలు నింపడం, అంతే దాని పని. 1975లో ‘ముత్యాల ముగ్గు’ వచ్చినప్పుడు సజ్జాద్ హుస్సేన్ మాండలిన్ విని మా ఊళ్లో వాయించేవాళ్లంతా ఆశ్చర్యపోయారు. ఇంత నాదం ఇందులో ఉందా అని. అయినా దాని మీద త్యాగరాజ కీర్తన కచేరీ చెయ్యవచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జతలోని రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి. తీగ పొట్టిది కాబట్టి మీటగానే నాదం ఆరిపోతుంది; అందుకే పాశ్చాత్యులు చేతిని గబగబా ఆడిస్తూ ఒకే స్వరాన్ని నిలబెడతారు. మన గమకానికి తీగను మెట్టు మీద పక్కకు లాగాలి. వీణలో నాదం నిలుస్తుంది కనుక సాగుతుంది. మాండలిన్‌లో జంట తీగలు లాగితే ఒకటి ముందు, ఒకటి వెనక అయి అపశ్రుతి పలుకుతుంది. తోడి గాంధారం ఊగేలోపే ధ్వని చచ్చిపోతుంది.

పాలకొల్లులో సత్యనారాయణ గారని క్లారినెట్ విద్వాంసులు ఉండేవారు. ఆయన ఇంట్లో ఒక మాండలిన్ ఉంది. 1969 ఫిబ్రవరి 28న పుట్టిన కొడుకు శ్రీనివాస్ ఆరేళ్లప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పిల్లవాడి వేళ్లలో విద్య ఉందని గ్రహించి తండ్రి తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే. గురువు పాడేవారు. పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో, ఎటు మీటాలో చెప్పేవారు లేరు. మాండలిన్ తెలిసిన మాస్టారే దొరికి ఉంటే ముందుగా ఆ వాద్యానికి ఏది చేతకాదో చెప్పి ఉండేవారు. సుబ్బరాజు గారికి ఆ హద్దులు తెలియవు. చెంబై బాణీలో నిండుగా పాడి, అదంతా పలకాలని ఎదురుచూశారు.

పలికించడానికి శ్రీనివాస్ వాద్యాన్నే మార్చుకున్నారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు, మొత్తం ఐదు, పెట్టుకున్నారు. నాదం నిలవడం కోసం ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మళ్లారు. ఇక తీగ లాగితే లాగినంతసేపూ పలికింది, జారు జారుగా వినిపించింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1981 డిసెంబరులో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కేనాటికి పన్నెండేళ్లు. కరెంటు వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని ముఖం చిట్లించిన పెద్దలు లేకపోలేదు. వాళ్లకు ఆయన వాయించే సమాధానం చెప్పారు.

తర్వాతి పేరుప్రతిష్ఠలు అందరికీ తెలిసినవే: 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవం, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయారు. నలభై అయిదేళ్లకే. ఇప్పటికీ ఆ అంకె నాకు మింగుడుపడదు.

వయొలిన్ మన దగ్గరికి ఇంతకంటే సులువుగా వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర నేర్చి దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. దానికి మెట్లు లేవు, వేలు ఎటంటే అటు జారుతుంది. వందేళ్లు దాటాక, 1893లో ఇదే బెంగళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని ఒంటరి కచేరీ స్థాయికి నిలబెట్టారు. సులువుగా వచ్చినా వయొలిన్‌కు తరాల కష్టం పట్టింది. మాండలిన్‌కు ఒక బాల్యం సరిపోయింది.

ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యాన్ని మాండలిన్ అనడం సరికాదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేపుల్స్‌లో వినాచా కుటుంబంవారు పంతొమ్మిదో శతాబ్దంలో ఉక్కు తీగలు బిగించారు. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ కుండలాంటి వెనుకభాగం తీసేసి చదునుగా చేశాడు. రెండుసార్లూ అది మాండలిన్‌గానే ఉంది. పాలకొల్లులో మారితే మాత్రం పేరెందుకు పోవాలి?

నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి నెలల్లో వాద్యం ఇవ్వను. మాయామాళవగౌళలో సరళీ వరసలు, జంట వరసలు పాడిస్తాను. వాద్యం కొనిపించి పాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. కన్నడంవాళ్లకు కన్నడంలో, మనవాళ్లకు తెలుగులో సుబ్బరాజు గారి సంగతి చెబుతాను. గొంతులో గాంధారం ఊగడం వచ్చాకే తీగ లాగనిస్తాను.