నాలుగు ముక్కల అరిజోనా

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917 జనవరిలో లండన్ నౌకాదళ కార్యాలయంలో సంకేతాలు విప్పే 40వ నంబరు గదికి ఓ జర్మన్ తంతి చేరింది. మొత్తం అంకెలే. దాని ముందు కూర్చున్న ఇద్దరిలో విలియం మాంట్‌గొమరీ మతబోధకుడు, నైజెల్ డి గ్రే పుస్తక ప్రచురణ సంస్థ నుంచి వచ్చినవాడు. మొదటి విడతలో వాళ్లకు అక్కడక్కడా కొన్ని మాటలే తెలిశాయి. అవే చాలినంత భయపెట్టాయి.

జర్మన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ జిమ్మర్‌మాన్ మెక్సికోలోని తన రాయబారికి పంపిన రహస్యమది. ఫిబ్రవరి 1 నుంచి జలాంతర్గాములు ఏ ఓడనూ వదలవు. అమెరికా గనక యుద్ధానికి దిగితే మెక్సికో మాతో చేతులు కలపాలి, టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి తీసుకోవచ్చు!

ఈ సందేశం నడిచిన దారి మరీ విచిత్రం. యుద్ధం ప్రకటించిన మర్నాడే బ్రిటన్ సముద్రం అడుగున ఉన్న జర్మన్ తంతులను తెంపేసింది. పాపం, శాంతి రాయబారాలకు పనికొస్తుందని అమెరికా తన దౌత్య తంతినే జర్మనీకి వాడుకోనిచ్చింది. అమెరికా మీద కుట్ర అమెరికా తంతి మీదే ప్రయాణించింది. ఆ తంతి పోయేది ఇంగ్లండ్ మీదుగా!

ఇక చిక్కంతా నౌకాదళ గూఢచార అధిపతి రెజినాల్డ్ హాల్‌ది. బయటపెడితే తమ విద్య జర్మనీకి తెలిసిపోతుంది, మిత్రుడి తంతిని చాటుగా వింటున్నామని అమెరికాకూ తెలుస్తుంది. వేరే చోట దొరికినట్టు చూపగలిగితే రెండు గుట్లూ దాగుతాయి. వాషింగ్టన్‌లోని జర్మన్ రాయబారి అదే సందేశాన్ని మామూలు తంతి కంపెనీ ద్వారా మెక్సికోకు పంపి ఉంటాడని ఆయన ఊహించాడు. ఊహ నిజమైంది. మెక్సికోలో సంపాదించిన నకలు పాత సంకేతంలో ఉంది. దాని సంకేత పుస్తకంలో అరిజోనా అనే మాటే లేదు. ఏఆర్, ఐజడ్, ఓఎన్, ఏ అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సంఖ్య వేశారు.

సందేశం అమెరికా చేతికి అంది, మార్చి 1న పత్రికల్లో వచ్చాక, ఇది బ్రిటిష్ వాళ్ల కల్పన అన్నవాళ్లూ ఉన్నారు. రెండు రోజులకు జిమ్మర్‌మానే నిజమని ఒప్పేసుకున్నాడు. దౌత్యంలో అంత నిజాయితీ ఎవరడిగారో! అదే నెలలో జలాంతర్గాములు అమెరికన్ ఓడలనూ ముంచాయి. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగింది.

దిగిందే గానీ, పంపడానికి తగిన సైన్యం ఏది? ముందు వెళ్లినవి అప్పులు, యుద్ధనౌకలు. అవి లేకుంటే బ్రిటన్ ఖజానా ఎన్నాళ్లు నిలిచేదో చెప్పడం కష్టం. నా లెక్కలో, ఆలస్యంగా వచ్చిన అమెరికా ఫలితాన్ని మార్చడం తన సైనికులు బారులు తీరకముందే మొదలైంది. రష్యా తప్పుకోవడంతో తూర్పున ఖాళీ అయిన దళాలను జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ పడమటికి మళ్లించాడు. అమెరికన్లు పూర్తిగా దిగేలోపే తేల్చేయాలన్న తొందరలో 1918 మార్చి 21న విరుచుకుపడ్డాడు. మైళ్ల కొద్దీ నేల దొరికింది గానీ, పోయిన ఆరితేరిన సైనికులకు బదులు తేవడానికి జర్మనీలో మనుషులు లేరు. అటువైపు వేసవిలో రోజుకు దాదాపు 10,000 మంది అమెరికన్లు ఓడలు దిగుతున్నారు. నవంబరు 11న తుపాకులు ఆగేసరికి ఐరోపాలో వాళ్లు 20 లక్షలు. వాళ్లు పేల్చిన ఫిరంగులు మాత్రం చాలామటుకు ఫ్రాన్స్ ఇచ్చినవే.