ఇద్దరికి ఒక సబ్బు

సైకిల్ మీద క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది. ప్రతి వస్తువునూ కాటాలో పెట్టి గ్రాముల్లో రాసుకుంటారు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇదేదో ఈ కాలపు ఫ్యాషన్ అనుకుంటాం గానీ, అమెరికా సైన్యం 1897లోనే ఇలాంటి పట్టిక రాసుకుంది. అందులో ఏముండాలో చెప్పే హక్కు మాత్రం మోసేవాళ్ళకి లేదు.

మోంటానాలోని ఫోర్ట్ మిజూలాలో ఉన్న 25వ ఇన్‌ఫాంట్రీ నల్లజాతి సైనికుల రెజిమెంటు. అధికారులు తెల్లవాళ్ళు. గుర్రానికి బదులు సైకిల్ పనికొస్తుందేమో చూడాలని లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ 20 మంది సైనికులతో జూన్ 14న సెయింట్ లూయిస్‌కి బయల్దేరాడు. 1,900 మైళ్ళు. సైకిల్ గడ్డి అడగదు, నీళ్ళు తాగదు, సకిలించదు. సైనికుల్లో పెద్దవాడు సార్జంట్ మింగో శాండర్స్. ఆయనకి ఒక కన్ను సరిగా కనబడదు.

స్పాల్డింగ్ సైకిల్ 32 పౌండ్లు. సామాను కట్టాక సగటున 59, అంటే దాదాపు 27 కిలోలు. హ్యాండిల్‌కి దుప్పటి చుట్ట, ఫ్రేము మధ్య ఖాళీలో తిండి పెట్టె. టెంటు ఒక్కొక్కరికి సగమే. ఇద్దరి ముక్కలూ కలిపితేనే రాత్రికి నీడ. లోదుస్తులు ఒక జత, మేజోళ్ళు రెండు జతలు, ఒక చేతిరుమాలు. తువ్వాలు, సబ్బు మాత్రం ఇద్దరికి ఒకటి చొప్పున. నాకు ఆ సబ్బు దగ్గరే చూపు ఆగిపోతుంది. సబ్బుబిళ్ళ బరువు కూడా మిగుల్చుకున్నవాళ్ళు పది పౌండ్ల క్రాగ్ తుపాకీని, 50 తూటాల్ని తీసెయ్యలేదు. సైన్యం కదా, ఎలా తీస్తుంది! తుపాకీ వీపున, తూటాల బెల్టు నడుముకి. ఆ బరువు సైకిల్ లెక్కలోకి రాదు, మనిషి ఒంటి మీదికి వస్తుంది.

నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో చక్రం దిగబడిపోయేది. రైలు పట్టాల మధ్య స్లీపర్ల మీద ఎగిరెగిరి పడుతూ పోయారు. సైకిల్‌కి నీళ్ళు అక్కర్లేదు సరే, తొక్కేవాడికి కావాలి కదా. అక్కడ దొరికిన చవుడు నీళ్ళు తాగి మంచాన పడ్డారు. మాస్ కూడా జబ్బుపడ్డాడు.

41వ రోజు, జూలై 24న, సెయింట్ లూయిస్ చేరారు. వెనక్కి రైల్లో పంపేశారు. మరుసటి ఏడు స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది, సైకిల్ దళం ఊసు మరుగున పడింది.

శాండర్స్ సర్వీసులోనే ఉన్నాడు. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో కాల్పులు జరిగాయి. నేరం ఎవరిదో తేలకుండానే, విచారణ లేకుండా, అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆ రెజిమెంటు సైనికులు 167 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశాడు. అందులో శాండర్స్ ఒకడు. పాతికేళ్ళ పైచిలుకు సర్వీసు, చేతికందబోతున్న పెన్షన్ పోయాయి. 1972లో సైన్యం ఆ ఉత్తర్వును రద్దు చేసింది. అప్పటికి ఆయన లేడు.