క్షురకత్తి పునరుద్ధరణము

తుప్పుపట్టి మూలబడిన పాత మడతకత్తిని, జనవ్యవహారమున మంగలికత్తి యనబడు క్షురమును, యంత్రసహాయము లేక చేతితోనే శుభ్రపఱచి, సానబట్టి, మరల గడ్డము గీయుటకు యోగ్యముగా జేయు పనికి క్షురకత్తి పునరుద్ధరణమని పేరు. నాయీబ్రాహ్మణుల పొదిలో వృత్తివిద్యగా నుండిన యీ నేర్పు, వృత్తికి దానితో నక్కఱ తగ్గిన పిదప, తీరికవేళల వినోదముగా మాఱినది.

విద్య మాత్రము మిక్కిలి ప్రాచీనము. సుశ్రుతసంహిత సూత్రస్థానమునందలి యెనిమిదవ అధ్యాయము, శస్త్రములను నూరుటకు మినుముల వన్నెగల నున్నని రాతిని, నూరిన వాదరను నిలుపుటకు బూరుగుపలకను విధించి, రోమమును దెగగోయగల శస్త్రమే పదునెక్కినదని పరీక్షయు జెప్పినది. నేటి అభ్యాసకుడు రాతిమీద నారంభించి, తోలుపట్టీమీద ముగించి, ముంజేతి నూగుపై బరీక్షించి చూచుకొనుటలో నా క్రమమే నడచుచున్నది. పలకకు మాఱు తోలు వచ్చినది.

ఉక్కు చరిత్రయందు దెలుగునేలకు గొప్ప స్థానము గలదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో గరగించి తీసిన యుక్కునకై పారశీక వర్తకులు వచ్చుచుండిరి. భారతదేశపు మూస యుక్కు ముద్దలు 1794లో బొంబాయినుండి లండనునకు బోగా, మఱుసటి యేడే జార్జి పియర్సన్ వానిపై శాస్త్రవ్యాసము వెలువరించెను. ఆ యుక్కు గుణమునకు గారణ మేమని, కత్తులుచేయు జేమ్స్ స్టోడార్టుతో గూడి మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున బహుప్రయోగములు చేసి, తన మిశ్రలోహములతో జేయించిన క్షురకత్తులను మిత్రులకు గానుకలుగా నిచ్చెను. విద్యుచ్ఛాస్త్రమునకు బునాదివేసిన వాడు మిత్రుల గడ్డములనుగూర్చియు నింత శ్రద్ధ వహించుట ముచ్చటగొల్పును. 1740వ దశకమున బెంజమిన్ హంట్స్‌మన్ మూస యుక్కును సాధించినది మొదలు షెఫీల్డును, తరువాత జర్మనీలోని జోలింగెనును, ఈ కత్తులకు లోకప్రసిద్ధి నొందినవి.

1904లో కింగ్ జిల్లెట్ పొందిన పేటెంటుతో బారవేయదగు బ్లేడు వ్యాపించెను. మన సెలూనులలో మాత్రము మడతకత్తి చాలకాలము నిలిచి, ఎయిడ్సు భయము వ్యాపించిన పిమ్మట సగము బ్లేడు తొడిగిన పిడికి జోటిచ్చినది.

ఆరంభకుడు కత్తి నెన్నుకొనుటయందు జాగరూకుడై యుండవలెను. వాదర చీలినది బాగుపడదు. తుప్పు వాదరవఱకు దిన్నదానిని నూరినకొలది క్రొత్తగుంటలు బయటపడును. వీపుమీది మచ్చలు నిరపాయములు. ఆ మచ్చలను సైతము వదలింపబూని, ఉప్పుకాగితముతో రుద్ది రుద్ది యద్దమువలె మెఱయించు నుత్సాహము కొందఱకు గలదు. అది మంచిపని కాదు. కత్తి వయస్సు దెలుపు ముద్రయే యందు జెఱగిపోవును. విదేశపు సరకులపై దేశనామము నిర్బంధించిన 1887 నాటి ఆంగ్లశాసనము, జోలింగెన్ నామమును రక్షించిన 1938 నాటి జర్మన్ శాసనము, వీని యెఱుక గలవానికి తోకమీది నాలుగక్షరములు చాలును. మోటారు చక్రముతో మెఱుగుపెట్టుటయు నట్టిదే: వేడి యించుమించు 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో నుక్కు కాఠిన్యము తగ్గి, పలుచని వాదర మొదటనే చెడును.

నూరునప్పుడు వీపును వాదరను రెండును రాతినంటి యుండవలెను. వీపు మందమే కోణమును నిర్ణయించును గనుక, చేతికి వేఱు కొలత యక్కఱలేదు. 1000 సంఖ్యగల రాతితో వాదర నేర్పఱచి, 4000, 8000 రాళ్లపై నునుపుచేయుదురు. రాతిమీద వాదర ముందు నడచును, తోలుమీద వీపు ముందు నడచును. తోలుమీద నీ వరుస తప్పినచో పట్టీ తెగును, వాదర మొద్దుబాఱును.

మండపేట మొదలు కోనసీమ పొడవునను గాలిలో దేమ మెండు. అచ్చట బాగుచేసిన కత్తిని తోలుసంచిలో బెట్టి మఱచినచో వానకాలము దాటకుండనే మరల జిలుమెక్కును. పొడిగుడ్డతో దుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా బూసి, గాలియాడుచోట నుంచుట మేలు. పాత సెల్యులాయిడు పిడులు శిథిలమగునప్పుడు వెలువడు ఆవిరియు నుక్కును దినును గావున, అట్టి పిడిని వెంటనే తొలగింపవలెను. క్రొత్తపిడికి గేదెకొమ్ము గాని గట్టికఱ్ఱ గాని చాలును. దంతపు పిడి యెంత సొగసైనను, మనదేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము దంతపు క్రయవిక్రయములను నిషేధించినది.